గట్టు మీది గింజలు

1986 డిసెంబరు 30. ఆ మధ్యాహ్నం ఆశీర్వాదం ఇంట్లో కొత్త వడ్ల నూకల జావ, నిప్పుల మీద కాల్చిన ఎండు మెత్తళ్ళు. ఆశీర్వాదం ముందురోజే రేపల్లె మిల్లుకు రైతు బండి తోలుకెళ్ళాడు, ఇంకా రాలేదు. కూతురు విజయమ్మ క్రిస్మస్ సెలవులకని కొల్లిపరలో నాయనమ్మ దగ్గర ఉంది. భార్య జ్ఞానమ్మ ఒక్కతే కూర్చుని తిని, మొగుడి వాటా మీద మూత పెట్టింది. ఇందులో విశేషం ఏముందని పాఠకులు అడగవచ్చు. ఆ నూకలు ఎక్కడివన్నదే విశేషం.

అడవులదీవి దాపున ఉన్న ఆ పల్లెలో వరి కోయకముందే, నిలిచి ఉన్న చేలో మినుములు చల్లుతారు. పనలు ఎత్తేసరికి నేలంతా మొలక ఉంటుంది. మొలక తొక్కుతారని చేలోకి ఎవరినీ రానివ్వరు. పరిగ ఏరుకునే పేద ఆడవాళ్ళు, రాలిన గింజల్ని గట్టు అంచునే ఏరుకోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే కులంగి కొంగలు వచ్చేవి. ఇవి మన చెరువుల్లోని తెల్లకొంగలు కావు. మనిషి రొమ్ము దాకా ఎత్తు, బూడిదరంగు ఒళ్ళు, నల్లని మెడ, నడినెత్తిన ఎర్రని మచ్చ. హిమాలయాలకు అవతలి బురదనేలల్లో పిల్లల్ని చేసి, చలికాలానికి ఎదిగీ ఎదగని పిల్లను వెంటబెట్టుకుని ఇంత దూరం వస్తాయి. రాత్రిళ్ళు సముద్రం దాపున పర్ర అనే ఉప్పు బురదనేలలో, నీళ్ళలో నిలబడే నిద్రపోతాయి. నక్క అడుగు పెడితే నీటి చప్పుడుకు మేలుకుంటాయి. జోడు కట్టాయంటే బతికినన్నాళ్ళూ అదే జోడు.

ఈ సంగతులన్నీ ఊళ్ళో చెప్పింది సుందరయ్య మాస్టారు. బాపట్లలో సైన్సు పాఠాలు చెప్పి, భార్య పోయాక సొంతూరు చేరిన మనిషి. సాయంత్రాలు గట్టు మీద నిలబడి కొంగల్ని చూస్తుండేవాడు. గడ్డి మోపుతో అటు వచ్చే జ్ఞానమ్మకు అది వేళాకోళం.

"ఏంటి బాబాయ్, మా ఆడపడుచులకి దిష్టి పెడుతున్నారా?"

"కొంగలు నీకు ఆడపడుచులు ఎప్పుడయ్యాయే?"

"మరి కాదా అండి? ఏడాదికోసారి ఊడిపడతారు, ఉన్నదంతా తినేస్తారు, పోయేటప్పుడు ఊరంతా వినబడేలా అరిచి మరీ పోతారు!"

మాస్టారు నవ్వాడు. ఆయన నవ్వి చాలాకాలమైంది.

"అయినా పాపం, మాదీ పరిగే, వాటిదీ పరిగే. అవి చేలో, మేం గట్టున," అంది ఆమె, మోపు సర్దుకుంటూ.

అయితే కొంగలు రాలిన వడ్లతో ఆగవు. మినప మొలకను కూడా పీకుతాయి. రైతు రాఘవయ్య చేలో ఆ ఏడు ఒక పక్కంతా బోసిపోయింది. రాఘవయ్య చెడ్డవాడు కాదు. పోయిన ఏడు పంట వానకు పోగొట్టుకుని భయపడి ఉన్నవాడు. వడ్లను ఎండ్రిన్ అనే పురుగుమందులో నానబెట్టి, తన పాలేరు ఆశీర్వాదాన్ని పిలిచాడు.

"చేలోకి దిగకు, మొలక చస్తుంది. గట్టు వారగా గుప్పెడు గుప్పెడు పోసుకుంటూ పో."

"గట్టున మనుషులు తిరుగుతారు గదండీ."

"ఇంకా ఎవర్రా తిరిగేది? పరిగ ఎప్పుడో అయిపోయింది గదా."

పరిగ అయిపోయిందన్నది రాఘవయ్య లెక్క. గింజ దొరికినంతకాలం పేదవాళ్ళకు పరిగ అయిపోదని ఆయనకు తెలియదు. ఆశీర్వాదానికి తెలుసు. అయినా పొద్దు గుంకే వేళ గింజలు పోసి, కాలవలో చేతులు తోముకుని ఇంటికొచ్చాడు. జ్ఞానమ్మకు చెప్పలేదు. 'మా ఆడపడుచులకి విషం పెట్టొచ్చావా' అని తిడుతుందని భయం. తెల్లవారుజామునే బండి కట్టుకుని వెళ్ళిపోయాడు.

కొంగలు వాలకముందే జ్ఞానమ్మ గట్టు మీదికి వచ్చింది. గింజలు చెదురుమదురుగా లేవు, ఎవరో చేత్తో పెట్టినట్టు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. మాలాంటివాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు వదిలిపోయారనుకుంది. దేవుడికి స్తోత్రం చెప్పుకుని కొంగు నింపుకుంది; పట్టని కుప్పలు అక్కడే ఉండిపోయాయి. కొంచెం కిరసనాయిలు వాసన వేసింది. ఎవరి లాంతరో ఒలికి ఉంటుందనుకుని ఎండబోసి, దంచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఆశీర్వాదం వచ్చేసరికి ఆమె నేల మీద పడి కొట్టుకుంటోంది. పక్కన చేటలో దంచగా మిగిలిన వడ్లు. పిడికెడు తీసి వాసన చూశాడు. ఆ తరువాత అతను వేసిన కేకకు పేట పేటంతా పరుగెత్తుకొచ్చింది.

రేపల్లెలో సూది వేసి, తెనాలి తీసుకుపొమ్మన్నారు. బస్సులో అందరూ లేచి సీట్లు వదిలారు. చేపల బుట్టతో ఉన్న కోటేశ్వరి అనే ముక్కూమొహం తెలియని మనిషి జ్ఞానమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, "ఓర్చుకో చెల్లీ, వచ్చేశాం," అంటూ దారి పొడుగునా నుదురు తుడుస్తూనే ఉంది. తెనాలి దీపాలు కనబడుతుండగా ఆ నుదురు చల్లబడింది.

మర్నాడు సాయంత్రం సమాధుల దొడ్డి నుంచి ఆశీర్వాదాన్ని అతని ఇంటికి మాస్టారు నడిపించుకొచ్చాడు. మిగిలిన జావను, వడ్లను కోళ్ళు కెలకలేనంత లోతు గొయ్యి తీసి తనే పాతిపెట్టాడు. కూతురు ఇంట్లో లేకపోవడం ఒక్కటే ఆ ఇంటికి మిగిలిన దయ.

రాఘవయ్య వచ్చి వాకిట్లోనే నిలబడిపోయాడు. "మనుషుల కోసం పెట్టలేదు మాస్టారూ," అన్నాడు.

ఆశీర్వాదం తలెత్తలేదు. "తిడుతుందని చెప్పలేదండీ. తిడితే ఏం పోయేది?"

పర్ర వైపు నుంచి ఒక్క కొంగ అరుపు వినబడింది. పర్రలో చచ్చి తేలిన జోడు పక్కనే అది పొద్దుటి నుంచీ నిలబడి ఉంది. మంద లేచిపోయినా కదలలేదు. ఆ పర్ర కొన్నేళ్ళకు రొయ్యల చెరువులైంది. కులంగులు ఆ ఊరి దారి మరిచిపోయాయి. ఎండ్రిన్ పోయి మరో మందు డబ్బా వచ్చింది. గట్ల మీద పరిగ ఏరేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు.

ఆ సాయంత్రం మాస్టారు మెల్లగా అన్నాడు: "నువ్వు మనిషి కోసం పెట్టలేదు, నిజమే రాఘవయ్యా. కాని ఆకలితో నేలకు వంగే ప్రాణులన్నీ ఆ గట్టుకే వస్తాయి. ఒకరి కోసం పెట్టిన విషం ఆ ఒకరి దగ్గరే ఆగుతుందనుకోవడమే మనం చేసిన తప్పు. నేనూ కొంగల్నే చూస్తూ కూర్చున్నాను. వాటితోపాటు ఏరుకునేవాళ్ళ ఆకలి గురించి ఎవరితోనూ మాట్లాడలేదు."

మాస్టారూ, రాఘవయ్యా వెళ్ళిపోయారు. కొంగ మళ్ళీ అరిచింది. ఇంకోసారి అరుస్తుందేమోనని ఆశీర్వాదం గడపలో నిలబడి చాలాసేపు విన్నాడు. అరవలేదు. లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.