గోవిందలకు లేచిన గీత

తెలుగువాళ్ళు వలసపోయిన దీవిలో, మహేబోర్గ్‌ రేవున కిరాణా కొట్టు నడిపే కన్నయ్యకు రెండే గర్వాలు: ఒక మోటారు పడవ, మందిరంలో గోవింద భజనకు ముందుపాట. పడవకు తుప్పు పట్టింది, గొంతుకూ పట్టింది. నిరుడు పైస్థాయిలో గొంతు చీలినప్పటి నుంచి, ఈసారి ముందుపాట అతని బావమరిది రామలుకిద్దామని పెద్దలు గొణుగుతున్నారు. పడవ పోయినా కన్నయ్య బతకగలడు గాని, ముందుపాట పోతే మనిషి కాడు.

దీవికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా కొన్నేళ్ళున్నాయనగా, జీన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పడవను బాడుగకు తీసుకున్నాడు. ఆయన తయారుచేస్తున్న యంత్రం నీళ్ళలోకి టిక్కుటిక్కుమని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని కాగితం మీద గీస్తుంది. బియ్యపు గింజంత కూడా లేని సముద్రప్రాణుల గుంపు ఏ లోతున ఉందో కనిపెట్టాలని ఆయన తపన. పొద్దస్తమానం మరలు తిప్పుకుంటూ, తిట్టుకుంటూ ఉండేవాడు.

కన్నయ్యకు ఊరికే కూర్చోవడం చేతకాదు. దీపాలవేళకు యంత్రం టిక్కులనే తాళంగా పట్టుకుని గోవిందలు ఎత్తుకున్నాడు. కాగితం అడుగున పడివున్న నల్లగీత మెల్లగా పైకి లేచింది. మర్నాడూ అంతే. ఇక ఆగుతాడా? జీన్ ఏదో చెప్పబోయేలోగా ఒడ్డెక్కి, తన పాటకు సముద్రంలో పురుగూ పుట్రా లేచొస్తున్నాయని ఊరంతా చాటాడు.

రామలు నమ్మలేదు. కళ్ళారా చూస్తానని పడవెక్కాడు. ఎక్కినవాడు చూసి ఊరుకోక, కన్నయ్య గొంతు సవరించుకునేలోపే తానే పాట అందుకున్నాడు. గీత లేచింది. నిన్నటి కంటే వేలెడు ఎక్కువే లేచింది.

"చూశావా బావా, నాకింకా పైకొచ్చింది" అన్నాడు రామలు.

కన్నయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. రామలుది గొప్ప కాదని తేల్చాలంటే దారి ఒక్కటే, ఎవరూ పాడకుండా చూడటం. అలా చూస్తే తన గొప్పా నీళ్ళపాలవుతుంది. తర్జనభర్జన పడ్డాడు. చివరికి కుళ్ళే గెలిచింది.

"రేపు నార్యెన్, ఏమీ పాడొద్దు రామలూ. నేనూ పాడను."

మర్నాడు ఇద్దరూ నోళ్ళు కట్టుకుని కూర్చున్నారు. చీకటి పడుతుంటే గీత ఎవరినీ అడక్కుండా లేచింది. పొద్దు గూకితే మేతకు పైకొచ్చే ప్రాణులవి, పాడినా మానినా వస్తాయని జీన్ అప్పటికి చెప్పగలిగాడు. కన్నయ్యకు సిగ్గేసింది, వెంటనే ఏడుపొచ్చింది.

శనివారం మందిరంలో, ఎవరి పాటకు గీత ఎక్కువ లేచిందని పెద్దలు అడిగారు. రామలు తల దించుకున్నాడు. అబద్ధం కన్నయ్య నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

"ఎవరి పాటకీ కాదు. వేళయితే అవే వస్తాయి. పిలిస్తేగాని రానిది మనమే."

వారం వారం ఆలస్యంగా వచ్చేవాళ్ళు నేలచూపులు చూశారు. పెద్దలు మాత్రం ముందుపాట పాడేవాడు పట్టే భజన తాళాలు రామలు చేతిలోనే పెట్టారు. రామలు గోవిందా అన్నాడు. అందరికంటే ముందు బదులు పలికింది కన్నయ్య. పైస్థాయిలో గొంతు మళ్ళీ చీలింది, అతను ఆపలేదు.