టిట్టిక

“అయితే నీ ఉద్దేశం ఏంటక్కా? నా చేతిలో పెడితే పిల్లని ఎక్కడో పారేసుకుంటాననా?” అంది చిన్ని. పొద్దున్నుంచీ ఇదే పాట.

“నేనన్నానా ఆ మాట?”

“నువ్వు అనక్కర్లేదు. నీ మొహం అంటోంది.”

అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుందని ఇంట్లో ఆమెకు అద్దాలమ్మ అని పేరు. ఏడేళ్ళ కూతుర్ని సెలవులకి చెల్లెలు చిన్నితో వాళ్ళ ఊరికి రైల్లో పంపాలా వద్దా అన్నదే తగువు. ఆ కూతురు అప్పుడే సంచీ సర్దేసుకుని, ఎవరైనా విప్పేస్తారేమోనని దాని మీదే ఎక్కి కూర్చుంది.

“వారం రోజులకేగా, పంపించు,” అన్నాడు భర్త. “మీ చెల్లెల్ని నమ్మకపోతే మానె, నీ కూతుర్ని నమ్ము. అది మనందరికంటే గడుసు.”

“బావా, నువ్వు నా పక్షమా, అక్క పక్షమా?”

“నేను పక్షమూ కాదు, పక్షీ కాదు. మీ మధ్య నలిగే ఈకని.”

పాప కిసుక్కున నవ్వింది. అద్దాలమ్మకు నవ్వు రాలేదు. ఎందుకు వద్దంటోందో ఆమెకే సరిగా తెలియదు. పంపించు అన్న మాట చెవిన పడితే చాలు, వద్దని నోరు దానంతటదే అనేస్తోంది.

చిన్ని ఇక లాభం లేదని ఫోను తీసింది. “సరే, నీ అలక తీరేలా ఒకటి తెచ్చా. ఎవరో పుణ్యాత్ముడు మన సినిమా నెట్లో పెట్టాడు. మొత్తం! అతుకు లేకుండా!”

మన సినిమా అంటే వాళ్ళ చిన్నప్పుడు టీవీలో ఒకేసారి వచ్చిన పిల్లల సినిమా. ఏ దేశానిదో, మన మాటలు అతికించారు. దారి తప్పిన అక్కాచెల్లెళ్ళిద్దరు పాడుబడ్డ రైలు స్టేషనుకి చేరతారు. అది వచ్చినప్పుడు వీళ్ళిద్దరూ బడిలో ఉన్నారు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నాన్న, ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆపుతూ, క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఒకచోట మాత్రం ఆపినవాడు మళ్ళీ నొక్కడం మరిచిపోయాడు. మునివేళ్ళ మీద నిలబడ్డ పెద్దపిల్ల టికెట్ల కిటికీలోకి తొంగిచూస్తుంది, తెర గజగజ వణుకుతుంది, అంతే. ఆ తర్వాత ఇద్దరూ రైల్లో ఉంటారు, చేతిలో టికెట్టుతో.

ఆ క్యాసెట్టు అరిగి చిరిగేదాకా చూశారు. ఒకే దుప్పట్లో దూరి, చల్లటి పాదాలు ఒకళ్ళవి ఒకళ్ళకి ఆనించుకుని, బొమ్మల కంటే ముందే మాటలు వీళ్ళు చెప్పేసేవాళ్ళు. అతుకు రాగానే ఐదేళ్ళ చిన్ని ప్రతిసారీ అడిగేది, “అక్కా, మరి టిట్టిక ఎలా వచ్చింది?” టికెట్టు అనడానికి దానికి నోరు తిరిగేది కాదు.

దాని పోరు పడలేక తొమ్మిదేళ్ళ అక్క ఒక కథ అల్లింది. కిటికీ వెనక ఒక ఆవిడ ఉంటుంది. “టిట్టిక కావాలంటే నీ చెల్లిని ఇక్కడ వదిలెయ్,” అంటుంది. “ఇప్పుడు కాదు, నాకు పాప పుట్టాక దాన్ని పంపిస్తా,” అంటుంది పెద్దపిల్ల. చిన్ని హాయిగా నిద్రపోయేది.

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ,” అని ఇప్పుడు అదే గదిలో పడక్కుర్చీలో ఉన్న నాన్న గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఎండ పడకుండా పరదాలు లాగి, ఫోను టీవీకి తగిలించారు. పాట మొదలవగానే అక్కాచెల్లెళ్ళు గొంతు కలిపారు. పాదాలు వాటంతటవే దగ్గరికి చేరాయి. తెర మీద పెదవులు ఒకటంటే మాట ఇంకోటి వినబడుతోంది. ఆ తేడా కూడా ఎంత ముద్దుగా ఉందో! అద్దాలమ్మ చాలా రోజులకి మనసారా నవ్వింది.

పెద్దపిల్ల కిటికీలోకి తొంగిచూసింది. ఈసారి తెర వణకలేదు.

కిటికీ వెనక ఒక ఆవిడ ఉంది. వెలుగు ఆవిడ వెనకనుంచి పడుతోంది, మొహం కనబడటం లేదు, ఒక్క నోరు తప్ప.

“టిట్టిక కావాలా?” అంది.

చిన్ని నవ్వబోయి ఆగిపోయింది.

“చెల్లిని వదిలెయ్, ఇస్తా.”

“ఇప్పుడు కాదు. నాకు పాప పుట్టాక దాన్ని పంపిస్తా.”

“ఎప్పుడు?”

“నాకంటే చిన్నదీ, చెల్లి కంటే పెద్దదీ అయ్యాక.”

ఆ చివరి మాట చిన్నికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. దుప్పట్లో, చెల్లెలు నిద్రపోయాక, తనలో తాను అనుకున్న మాట అది. అప్పుడు తనకి తొమ్మిది, చెల్లికి ఐదు; ఇప్పుడు పాపకి ఏడు. అద్దాలమ్మ కళ్ళు ఇంకోటి కూడా పట్టుకున్నాయి. సినిమా అంతటిలో ఎవరి పెదవులూ మాటతో కలవలేదు. కిటికీ దగ్గరి ఈ ఇద్దరివీ మాత్రం అచ్చంగా కలిశాయి.

రైలు కూత వేసి కదిలింది. భర్త రిమోట్ అందుకుని ఆపేశాడు. “ఏంటా మాట? టిట్టికా? డబ్బింగు వాళ్ళకి పనీపాటా లేదా?”

“అక్కా, నువ్వు ముందే చూశావు కదూ?” అంది చిన్ని. “ఎక్కడో చూసే ఉంటావు.”

“ఎక్కడే? ఇద్దరం బడిలో ఉన్నాంగా.”

“నేను మరిచిపోలేదు,” అన్నాడు నాన్న.

అందరూ అటు తిరిగారు.

“ప్రకటనలకి ఆపి మరిచిపోయానని మీకు చెప్పాను. అబద్ధం. అప్పుడు ప్రకటనలే లేవు. మా చిన్నదాని ముద్దుమాట టీవీలో ఎవరో ఆడమనిషి నోట వినబడేసరికి వణుకు పుట్టింది. టీవీ కూడా కట్టేశాను, మళ్ళీ పెట్టేసరికి పిల్లలిద్దరూ రైల్లో ఉన్నారు. ఆవిడ ఇంకేమందో నేను వినలేదు. ఇవాళే విన్నా.”

పాప సంచీ దిగి వచ్చి తల్లి మోకాలు పట్టుకుంది.

“అమ్మా, నాక్కూడా టిట్టిక కావాలా?”

అద్దాలమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. చిన్నప్పుడు పెద్దపిల్ల నోట తను ఇచ్చిన మాటని లోపల ఒక్కొక్క అక్షరమే తడిమి చూసుకుంది. పంపిస్తా అంది. అంతే అంది.

“వద్దమ్మా,” అంది. తర్వాత గొంతు పెంచకుండానే, గదిలో అందరికీ వినబడేలా చెప్పింది. “పాపని నేను పంపించడం లేదు. తీసుకెళ్తున్నా. నాన్నా, నువ్వూ వస్తున్నావు. అందరం కారులో వెళ్తున్నాం. ఎవరూ టికెట్టు కొనొద్దు.”