బండి కింద తడి ఇసుక

ఖతర్‌లోని అల్ వుకైర్ చివర, ఇళ్లు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట, ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూడవచ్చే వాళ్ల కోసం కొత్త కారవాన్లు వరసలుగా నిలబెట్టారు. కారుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లవి. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అమర్చి ఉన్నాయి. కొత్తవన్న మాటే గాని, నీళ్లు వదిలితే చాలు ఏదో ఒక మూల కారేవి. ఎక్కడ కారుతోందో పట్టుకుని బాగుచేసే పని ఇద్దరిది. జలంధర్ ప్లంబర్, జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు. లియాఖత్ అలీది బోధన్, కరెంటు పని. వయసులో పెద్దవాడు. క్యాంపులో ఇద్దరిదీ ఒకటే గది.

ఆ పొద్దున చివరి వరసలో ఒక బండి దగ్గర ఆగారు. లోపల ఎక్కడా తడి లేదు. బండి కింద మాత్రం ఇసుక నల్లబడి ఉంది. జలంధర్ బయటి నల్లా కట్టేశాడు. కాసేపు చూశాడు. చుక్కలు ఆగలేదు.

"నల్లా బంద్ జేసినంక గూడ కారుతున్నదేంది, భాయ్?"

"పైపుల మిగిలిన నీళ్లేమో."

"అడుగు రేకు ఇప్పి చూస్త" అని జలంధర్ బండి ముందు భాగం కింద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.

రేకు ఒక పక్క విప్పగానే సంగతి తెలిసింది. ఫ్యాక్టరీలో రేకు బిగించిన స్క్రూ ఒకటి పక్కనున్న పైపులోకి దిగింది. అక్కడినుంచి నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. "దొరికింది!" అని అరిచాడు. అప్పుడే తల పక్కన కిర్రుమని చిన్న చప్పుడైంది. బండి ముక్కును ఎత్తి నిలబెట్టిన ముందు స్టాండు కాలు తడిసిన ఇసుకలో కూరుకుపోతోంది. అతను పక్కకు దొర్లేలోపే, నిలబడ్డ బర్రె మోకాళ్ల మీద కూలబడ్డట్టు, బండి ముక్కు నెమ్మదిగా కిందికి వచ్చింది. ఇనుప కమ్మీ అతని రొమ్ముకు అడ్డంగా ఆనింది.

లోపలున్న ఊపిరంతా బయటికి పోయింది. మళ్లీ పీల్చబోతే గొంతు దగ్గరే ఆగిపోయింది. అరవాలన్నా గాలి లేదు. మడమలతో ఇసుకను తన్నాడు.

లియాఖత్ ఆ కాళ్లు చూశాడు. "యా అల్లా!" అంటూ వచ్చి బండి ముక్కు పట్టుకుని ఎత్తబోయాడు. స్టాండు పక్కకు జారింది. బండి ఇంకాస్త దిగింది.

"ఎత్తకు..." అన్నాడు జలంధర్. అది తన గొంతేనని అతనికే అనిపించలేదు. "దిగుతంది..."

లియాఖత్ చేతులు వదిలేసి ఫోను తీశాడు. ఫోర్‌మన్ గౌస్ మొహియుద్దీన్ మైదానం గేటు దగ్గరున్నాడు. "సాబ్, జలంధర్ బండి కింద పడ్డడు! జాకీ తీస్కొని జల్దీ రండి!"

కింద చీకటిగా ఉంది. వీపు కింద ఇసుక చల్లగా మెత్తబడుతోంది. నీళ్లు చెవి దాకా వచ్చాయి. ఈ నీళ్లు ఆగకపోతే ఇసుక ఇంకా కరుగుతుంది. ఇసుక కరిగితే ఇనుము ఇంకా దిగుతుంది. ఊళ్లో ఏమంటారో వినబడ్డట్టే ఉంది: దుబాయ్‌ల సచ్చిపోయిండట. ఖతర్ అని కూడా అనరు. ఇంటి దగ్గర భార్య ప్రమీలకు ఎవరు చెబుతారు? పళ్లు టకటకా కొట్టుకున్నాయి, ఆ ఎండాకాలంలో.

అప్పుడు పై నుంచి గర్రుమని చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. చప్పుడు వచ్చినప్పుడల్లా చుక్కలు ధారలవుతున్నాయి. అది మోటారు. బయటి నల్లా కట్టినా బండి సొంత ట్యాంకులోంచి నీళ్లు తోడి పైపులోకి తోస్తోంది.

"భాయ్... మోటార్..."

లియాఖత్‌కు అర్థమైంది. పొద్దున పరీక్ష కోసం ఆ మోటారు వేసింది తనే. స్విచ్ లోపల ఉంది. తలుపు దాకా ఉరికి, మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. తను ఎక్కితే తన బరువంతా జలంధర్ రొమ్ము మీద పడుతుంది.

కాలు వెనక్కి తీశాడు. ముందుగా బయటి కరెంటు వైరు పీకాడు. మోటారు ఆగలేదు. ఇంకా బ్యాటరీ ఉంది. అది బండి ముక్కు మీదే, డబ్బాలో. డబ్బా మీద చేతి బరువు పడకుండా, వేళ్ల కొసలతో మూత తీసి వైరు లాగేశాడు. గర్రు ఆగింది.

"బంద్ అయింది! ఊపిరి మెల్లగ తీస్కో. నేనున్న!"

బండిని ఎత్తే దారి లేదు. మిగిలింది ఇసుక. లియాఖత్ బోర్లా పడి జలంధర్ నడుం పక్కన చేతులతో తవ్వసాగాడు. గోళ్లు చీరుకుపోయాయి. తడి ఇసుక తీసినకొద్దీ పక్కనుంచి మళ్లీ జారింది. "నా మీదికొచ్చింది... ఇంక దిగింది..." అని జలంధర్ ఏడుస్తున్నాడు. "దిగలే రా, నీ కిందిది ఖాళీ అవుతున్నది" అన్నాడు లియాఖత్, తనకూ ఖాయంగా తెలియకపోయినా.

వీపు కింద గుంట పడింది. జలంధర్ ఒక్క ఊపిరి నిండుగా పీల్చాడు. లియాఖత్ రెండు కాళ్లూ పట్టి లాగాడు. చొక్కా చిరిగింది, రొమ్ము మీద చర్మం గీరుకుపోయింది, మనిషి బయటికొచ్చాడు. అప్పుడే పికప్ వచ్చి ఆగింది. గౌస్ మొహియుద్దీన్ దిగి ఇద్దరినీ చూసి ఇసుకలోనే కూర్చుండిపోయాడు.

ఆసుపత్రిలో ఒక పక్కటెముక చిట్లిందన్నారు.

ఎముక అతుక్కున్నాక మళ్లీ డ్యూటీకి వచ్చేసరికి ప్రతి స్టాండు కింద మందమైన చెక్కలు వేసి ఉన్నాయి. జలంధర్ ఒక బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల వంచాడు. ఆ చీకటి చూడగానే వెనక్కి జరిగాడు.

"నాతోటి కాదు, భాయ్."

"కాకుంటే వద్దు. నువ్వు చెప్పు, నేను చూస్త" అని లియాఖత్ పడుకుని కిందికి జరిగాడు.

జలంధర్ అక్కడే కూర్చుని అతని చీలమండ గట్టిగా పట్టుకున్నాడు. "నొస్తుంది, వదులు" అని లోపలినుంచి లియాఖత్ నవ్వాడు. జలంధర్ వదల్లేదు. అతను బయటికి వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు.