కిల్ కొట్టని దశరథ్

దశరథ్‌కు కంపెనీలో పనే లేదట, పొద్దంతా ఈ గదిలోంచి ఆ గదికి తిరుగుడేనట, అట్లాంటోణ్ని ఎన్నాళ్లు మేపుతరని పక్కింటి కౌసల్యమ్మ నీళ్ల నల్లా దగ్గర పదిమందిలో అన్నదట. టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కుతూ భార్య అరుణ ఆ మాట చేరవేసింది. బూట్ల లేసులు కట్టుకుంటున్న దశరథ్ తల ఎత్తలేదు.

"తిరుగుడైతే నిజమే గదనే."

"గట్ల ఒప్పుకుంటవేంది?"

"ఆమె కొడుకు ప్యాకింగుల ఉండి సూస్తనే ఉన్నడు. అబద్ధమేం జెప్పలే."

కాజీపల్లిలోని మందుల ఫ్యాక్టరీలో డేటాబేసు చూసుకోవడం దశరథ్ పని. వెలిమెలలో ఉన్న కాస్త చేను తండ్రి కాలంలోనే ప్లాట్లయిపోయింది. సంగారెడ్డిలో డిగ్రీ చదివి, ఇదే ఫ్యాక్టరీలో ముందు డ్రమ్ములెత్తి, ఆ తర్వాత కంప్యూటర్ ముందుకొచ్చాడు. డ్రమ్ములెత్తిన గుర్తుగా ఎడమ భుజం ఇప్పటికీ కాస్త కిందికే ఉంటుంది.

పొద్దున్నే స్టోర్స్ నుంచి అంజన్న పిలిచాడు. రిపోర్టు అడిగితే గంట నుంచీ తిరుగుతూనే ఉందట.

"తారీకు వెయ్యకుండ అడిగినవ్ అన్నా. అది నీ పెండ్లినాటి నుంచి తవ్వుతున్నది పాపం."

"నా పెండ్లి గూడ ఉన్నదా అండ్ల?" అన్నాడు అంజన్న. తారీకు వేశారు. రిపోర్టు వచ్చేసింది.

రోజూ వచ్చే అసలు తంటా వేరు. ఎవరో ఒకరు ఒక బ్యాచ్ మందు వివరాలు మార్చడానికి కంప్యూటర్‌లో తెరుస్తారు, సేవ్ చేయకుండా చాయ్‌కి పోతారు. ఇరుకు బాటలో ట్రాక్టర్ అడ్డం పెట్టి పోయినట్టు, ఆ బ్యాచ్‌తో పనున్న తెరలన్నీ ఆగిపోతాయి. లాకు పడిందంటారు. కూర్చున్నచోటి నుంచే ఆ తెరను తెంపేయొచ్చు. అది కిల్ కొట్టడం. కొడితే బాట ఖాళీ అవుతుంది. కానీ ఆ మనిషి సగం రాసింది రాయనట్టే పోయి, పాత సంగతే నిలుస్తుంది. అందుకే దశరథ్ లేచి పోతాడు. ఎవరిదో వెతికి, భుజం తట్టి, సేవ్ చేయిస్తాడు. కౌసల్యమ్మ కొడుకు చూసిన తిరుగుడు అదే.

అన్నాల వేళకు లారీ ఆగింది. డ్రమ్ములు ఎక్కాయి, గేట్‌పాస్ రావడం లేదు. ప్లాంట్ మేనేజర్ ప్రవీణ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"ల్యాబ్‌లో ఏదో హ్యాంగయింది దశరథ్. కిల్ కొట్టేయ్."

"సూసొస్త సార్."

"చూడ్డానికేముంది? కొట్టమంటున్నాను!"

ల్యాబ్‌లో దుర్గాదేవి ఒక్కతే కంప్యూటర్ ముందుంది. ప్రభుత్వ కర్మాగారంలో కొలువుకని గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న వాళ్ల అమ్మాయి. అన్నం డబ్బా విప్పలేదు. కుడిచేయి మౌస్‌ను ఊరికే అటూ ఇటూ జరుపుతోంది.

"హ్యాంగవలేదన్నయ్యా. నేనే పట్టుకుని కూర్చున్నా."

నిన్న పాసయిన బ్యాచ్ అది. అనుమానమొచ్చి పొద్దున మళ్లీ పరీక్షిస్తే మలినం హద్దు దాటింది. ఫెయిలని రాసింది. పై అధికారి రామలింగేశ్వరరావు ఒప్పుకోలు నొక్కితేగాని అది సేవ్ కాదు. ఆయన ఇంకో యూనిట్‌కి వెళ్లాడు, ఫోన్ ఎత్తడం లేదు. మౌస్ కదలకుండా కాసేపుంటే తెర దానంతటదే మూసుకుంటుంది. నిన్నటి పాస్ మిగులుతుంది. లారీ వెళ్లిపోతుంది.

"పొద్దుట్నుంచీ బాత్రూంకైనా లేవలేదు" అంది, అతని మొహం చూడకుండా. "కొట్టేస్తారా?"

దశరథ్ కుర్చీ వెనక్కి లాగాడు. "నువ్వు పోయి రా చెల్లె. మౌస్ నేను తిప్పుత."

ప్రవీణ్‌కుమార్ వచ్చేసరికి దశరథ్ అట్లాగే తిప్పుతున్నాడు.

"నిన్ను బాగుచేయమని పంపితే నువ్వే కూర్చున్నావా?"

"బాగుజేసెటందుకు ఏం లేదు సార్. సర్వర్ మంచిగనే ఉన్నది. బ్యాచే మంచిగ లేదు."

"అది నీకెందుకయ్యా? లాకు తీయడం నీ పని."

"అవును. గని తియ్య."

"రేపు నీకు కుర్చీ ఉండదు."

"ఇయ్యాల ఉన్నది గద సార్."

పక్క గదుల్లో పనిచేసే కుర్ర పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. దుర్గాదేవి తిరిగొచ్చి మౌస్ అందుకుంది. దశరథ్ వెళ్లిపోలేదు. స్టూలు లాక్కొని పక్కనే కూర్చున్నాడు. లారీ డ్రైవర్ కింద హారన్ కొడుతూనే ఉన్నాడు.

లారీ పోయే ఉంటుందన్న ధైర్యంతో రామలింగేశ్వరరావు మూడింటికి లోపలికొచ్చాడు. తెర చూశాడు. ప్రవీణ్‌కుమార్‌ను చూశాడు. పనులాపి నిలబడ్డ పిల్లలందరినీ చూశాడు. కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, చివరికి వంగి ఒప్పుకోలు నొక్కాడు. ఫ్యాక్టరీలో ఆ బ్యాచ్ కోసం ఆగిన తెరలన్నీ కదిలాయి. సరుకు పంపే డిస్పాచ్ తెరమీద అది ఫెయిలని ఎర్రగా వెలిగింది. డ్రమ్ములు దించడం మొదలుపెట్టారు. దుర్గాదేవి డబ్బా విప్పి, చల్లారిన పులిహోర సగం మూతలో పెట్టి దశరథ్ ముందుకు తోసింది.

సాయంత్రం అతని పాస్‌వర్డ్ పనిచేయలేదు. రెండోసారి కొట్టి చూడలేదు. చల్లటి సర్వర్ గదిలో వేసుకునే బూడిదరంగు స్వెట్టర్‌ను కుర్చీకే వదిలి, పిలిచిన గదికి వెళ్లాడు.

ప్రవీణ్‌కుమార్, రామలింగేశ్వరరావు ఇద్దరూ అక్కడే ఉన్నారు. సిబ్బంది వ్యవహారాలు చూసే వెంకటేశం కొండాపూర్ వాడు, చాలా ఏళ్లుగా తెలిసినవాడు. మెల్లగా ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు.

"సొంత కారణాలతోని పోతున్న అని రాయె అన్నా. రేపు ఇంకో కంపెనోడు అడిగితే మంచోడనే చెప్తం. నీకే మంచిది."

దశరథ్ కాగితాన్ని వెనక్కి తోశాడు.

"నేను పోతలే. మీరు ఎల్లగొడుతున్రు. గదే రాసుకోండ్రి."