ఏమీ లేని తల

తమ్ముడి తల స్కాన్‌లో ఏమీ లేదని తెలిసిన మర్నాడే మా నాన్న పొట్టేలును కోశాడు.

మిర్యాలగూడలో స్కానింగ్ తీసిన మనిషి "మెదడుల గడ్డ గిట్ల ఏం లేదు, నార్మల్" అన్నాడు. అంతే, నాన్న అక్కడి నుంచే పాలకీడు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. గొర్రెలు కాసే మా ఇళ్లల్లో గండం గడిస్తే పొట్టేలు కోసి నలుగురికీ పెట్టాల్సిందే. కానీ గండం గడిచిందని ఎవరు చెప్పారు? నా తమ్ముడు చిరంజీవి కోదాడ హాస్టల్‌లో చావబోయి బతికి నెల కూడా కాలేదు. "ఇది డిప్రెషన్. మెదడు ఆకారమే స్కాన్ ఫోటోలో పడుతుంది, అది పనిచేసే తీరు పడదు. మందులు ఆపొద్దు, ఒంటరిగా వదలొద్దు" అని సూర్యాపేట డాక్టరమ్మ ముందే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది.

"తల మంచిగున్నంక గోలీలెందుకే ఉమా? మత్తుగ పండుడు తప్ప!" అని నాన్న వాటిని పెంటకుప్పలో పారేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను, పోట్లాడాను. వింటేగా!

మధ్యాహ్నం బంతిలో చిరంజీవి వీపు చరిచాడు మా మేనమామ కొండల్.

"ఏం లేదట గదరా అల్లుడా! ఉత్తగనే పరేషాన్ చేసినవ్ మీ నాయినను."

అందరూ నవ్వారు. చిరంజీవి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. వాడు ముద్ద ముట్టకుండా లేచి గొర్రెల దొడ్డి వైపు వెళ్తుంటే వెంటపడ్డాను.

"అక్కా, సిన్న గడ్డన్న ఉంటే మంచిగుండేది."

"నోర్ముయ్! ఏం మాటల్రా అవి?"

"గడ్డుంటే నాయిన ఏడ్సేటోడు. గిప్పుడు దావత్ చేస్తుండు. లోపల ఇంకా గట్లనే ఉందక్కా. పొద్దుగాల లేస్తే సచ్చిపోవాలనే అనిపిస్తది. ఫోటోల పడకుంటే అబద్ధమేనా?"

వాణ్ని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. తల ఎత్తితే ఎదురుగా నాన్న. కొడుకు తినలేదని మూలుగ బొక్క ఏరి గిన్నెలో తెచ్చాడు. అంతా విన్నాడు.

గిన్నె అక్కడే పెట్టి వాడి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నాకేమెర్క బిడ్డా... ఏం లేదనంగనే నువ్వు నాకు దక్కినవనుకున్న," అంటూ భోరుమన్నాడు. ఆయన అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "లే బిడ్డా, సూర్యాపేట పోదాం. గిప్పుడే పోదాం. మల్ల గోలీలు తెచ్చుకుందాం," అన్నాడు.

చిరంజీవి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పోదాం నాయినా. జరసేపు గిట్లనే కూసో."