ఎడమ తలుపు సొట్ట

పరదాలమ్మకి వెనక సీటు మడవడంతో తెల్లవారేది. గుడ్డ తానులు, కడ్డీలు, రింగుల డబ్బా, మడత నిచ్చెన అన్నీ ఆ చిన్న ఆకుపచ్చ కారులో కుక్కి, వాళ్ల కిటికీలకీ వీళ్ల కిటికీలకీ పరదాలు కట్టడానికి ఊరంతా తిరిగేది. ఆమె అసలు పేరు మొగుడు కూడా మర్చిపోయాడని వీధిలో వేళాకోళం. కారు ఫైనాన్సు మీద తీసుకున్నది. హామీ సంతకం మేనమామది, ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

ఆ ఊళ్లో కారుకి ఎవరు దెబ్బ తగిలిస్తే ఆ దెబ్బ వాళ్ల ఒంటి మీద కూడా తేలేది. కారు బాగుచేయిస్తే గానీ పోయేది కాదు. ఒకసారి మామయ్య పరదా కడ్డీ జారవిడిచి బానెట్‌కి సొట్ట పెట్టాడు. నుదుటి మీద గుంటతో, టోపీ దించుకుని నాలుగు రోజులు తిరిగాడు పాపం. మెకానిక్ ఆ సొట్ట తీసేసి, "ఏదీ, టోపీ తీయండి" అని మామయ్య నుదురు తడిమి, నున్నగా ఉందని నమ్మకం కుదిరాకే డబ్బులు పుచ్చుకున్నాడు.

ఇంటి కిందే కుట్టుపనికి గది దొరికాక పరదాలమ్మకి రోజూ ఊరంతా తిరగడం తప్పింది. ఊరికే నిలబెట్టిన కారుకి వాయిదాలెందుకని గడువుకి ముందే ఒప్పందం ముగించింది. కంపెనీ చెప్పినంతా కట్టి, తాళాలు ఇచ్చేసింది. వసూళ్ల మేనేజరు పళ్లన్నీ బయటపెట్టి, "ఇంక మీకూ మాకూ చెల్లు" అన్నాడు. ఆ నవ్వు చూసి అప్పుడే అనుమానపడాల్సింది.

తర్వాత కంపెనీ నుంచి బాకీ కాగితం వచ్చింది. ముందుగా ముగించినందుకు రుసుము, ముగిసిందని రాసినందుకు రుసుము, ఎడమ తలుపుకి అరచేయంత సొట్ట, వెనకవైపు మూడు గీతలు. పరదాలమ్మ గదిలోకి వెళ్లి తలుపేసుకుని, అద్దం ముందు తన ఒళ్లంతా వెతుక్కుంది. సూది గుచ్చుకున్న గుర్తులు తప్ప ఏమీ లేవు.

ఈలోగా కంపెనీ మనుషులిద్దరు మామయ్య ఇంటికి వెళ్లారు. చెప్పులతో లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని, పూలకుండీలో ఉమ్మి, కట్టకపోతే ఇల్లు జప్తు చేస్తామని వీధి వీధంతా వినేలా అరిచి పోయారు.

"ఇల్లు సంగతి అలా ఉంచమ్మాయ్," అన్నాడు మామయ్య. "మీ అత్తని పట్టుకుని దొంగ సరుకు అన్నారే. అది నిన్నటి నుంచి కుండీ కడుగుతూనే ఉంది. ఎంత కడిగినా తృప్తి లేదు దానికి."

పరదాలమ్మకి కలిగింది భయం కాదు, అసహ్యం. కుళ్లిన గుడ్డ మీద పొరపాటున చెయ్యి వేసినట్టు.

కంపెనీ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. అందరి చేతుల్లోనూ అలాంటి కాగితాలే. ఫ్యాను ఉక్కపోతని అటు నుంచి ఇటు తోస్తోంది. అంత ఉక్కలోనూ మేనేజరు చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని, కాలరు గుండీ కూడా పెట్టుకుని, కుర్చీలో కుడివైపుకి ఒరిగి కూర్చున్నాడు.

పరదాలమ్మ రెండు చేతులూ బల్ల మీద చాపింది. "చూడండి, నా ఒంటి మీద గీత లేదు. మా ఆయన ఒంటి మీదా లేదు, మా మామయ్య ఒంటి మీదా లేదు. మరి ఈ సొట్ట ఎవరు పెట్టారు?"

"ఒంటి సాక్ష్యం మా నిబంధనల్లో లేదమ్మా," అన్నాడతను విసుగ్గా. "అభ్యంతరం చెప్పాలంటే ముందు పరిశీలన రుసుము కట్టాలి. కట్టాక పరిశీలిస్తాం."

"ఎవరు పరిశీలిస్తారు?"

"నేనే."

అంటూ చెమట తుడుచుకోవడానికి మెడ తిప్పాడు. కాలరు పైన, చెవి వెనక, మూడు గీతలు. ఎర్రగా, ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"ఆ గుండీ తీయండి," అంది పరదాలమ్మ.

"ఏంటమ్మా?"

"చొక్కా గుండీ తీయండి. పరిశీలిద్దాం."

బెంచీ మీద ముసలాయన లేచాడు. "నా కారుకి బానెట్ మీద గుంట రాశారు. అది కూడా చూడండమ్మా." ఇంకొకావిడ లేచింది, ఇంకో ఇద్దరు లేచారు. బల్ల చుట్టూ జనం మూగారు. మేనేజరు లేచి వెళ్లబోయాడు. కాలరు కుర్చీ మేకుకి తగులుకుని గుండీలు పటపటా ఊడాయి.

లోపల ఒళ్లు ఒళ్లులా లేదు. ఛాతీ నిండా గుంటలు, పొట్ట నిండా గీతలు, కొన్ని పసుపుపచ్చగా, కొన్ని నల్లగా, ఒకదాని మీద ఒకటి. ఎడమ పక్కటెముకల మీద అరచేయంత సొట్ట. ఎవరూ అతన్ని కొట్టలేదు. ముట్టుకోవడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు. ఒకావిడ కొంగుతో ముక్కు మూసుకుంది.

"కారు అమ్మేస్తే దాంతోపాటు మచ్చ కూడా పోతుందనుకున్నాను," అన్నాడతను చొక్కా దగ్గరికి లాక్కుంటూ. "మా పిల్ల నా ఒళ్లో కూర్చోదండీ ఇప్పుడు."

అందరి కాగితాలూ పడున్న బల్ల వెనక నుంచి ఆ మాట అనడానికి అతనికి నోరెలా వచ్చిందో! పరదాలమ్మకి జాలి కలగలేదు. తెచ్చుకుందామని కూడా అనిపించలేదు.

"మా మామయ్య ఇంట్లో కుండీ ఉంది, మీవాళ్లు ఉమ్మింది," అంది. "ముందు బాకీ లేదని రాసివ్వండి."

రాసిచ్చాడు. ముసలాయనకీ రాసిచ్చాడు. ఆ సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాడు. కంపెనీ మర్నాడే అతన్ని పీకేసి, గుండీలు బాగా ఉన్న ఇంకో మేనేజరుని కూర్చోబెట్టింది.

చాలా నెలల తర్వాత ఒక టీచరమ్మ ఇంట్లో కొలతలు తీసుకోవడానికి వెళితే, వాకిట్లో తన ఆకుపచ్చ కారే కనిపించింది. ఎడమ తలుపుకి సొట్ట అలాగే ఉంది. పరదాలమ్మ దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, చెయ్యి పైటకి తుడుచుకుని, "ఇది ఒకప్పుడు నా కారే," అంది.

"వేలంలో కొన్నామండీ," అంది టీచరమ్మ. "ఎవడో పిచ్చివాడు వారం వారం వచ్చి ఆ సొట్ట ఊరికే తీయిస్తానంటాడు. ఇలా ఊళ్లో అమ్ముడుపోయిన కార్లన్నిటి వెంటా పడుతున్నాడట. ఆ సొట్ట మాకేం అడ్డం లేదు, పొమ్మంటే గేటు పట్టుకుని వేలాడతాడు. కారు మీదే అంటున్నారుగా, మీరు చెప్పండి, చేయనివ్వనా వద్దా?"

గేటు అవతల అతను నిలబడే ఉన్నాడు. మెడ దాకా గుండీలు పెట్టుకుని, పక్కన పనిముట్ల సంచీతో మెకానిక్‌ని వెంటబెట్టుకుని, పరదాలమ్మ నోటి వంకే చూస్తున్నాడు.

ఆమె టేపు చుట్టి బుట్టలో వేసుకుంది.

"చేయనివ్వండి," అంది అతనికి వినబడేలా. "కాకపోతే ముందు పరిశీలన రుసుము కట్టించుకోండి."