ఒక్క మోకు తెగితే

ఓడ కనబడితే చాలు, అందరి కళ్ళూ తెరచాప మీదికే పోతాయి. మోకులు పేనే ఇంటి పెద్దకోడలి కళ్ళు మాత్రం ఆ పొద్దున స్తంభాన్ని అటూ ఇటూ లాగిపట్టిన మోకుల మీదే నిలిచాయి. తారుతో నిగనిగలాడుతున్నాయి. 

ముసురు రోజుల్లో కూతురి పురుడని వెళ్ళి నిన్ననే తిరిగొచ్చింది. పాకలో మిగిలిన మోకు ముక్కను మోకాలికి ఆనించి వంచితే పుటుక్కున విరిగింది, లోపలి నార చెమ్మచెమ్మగా కుళ్ళి రాలింది. ఆమె లేదు కదా అని మరిది తడి నారనే పేని, ఆరకుండానే తారు పట్టించేశాడు. పైకి నలుపు, లోపల కుళ్ళు. ఆ స్తంభమెక్కి తెరచాప విప్పేదేమో ఆమె ఒక్కగానొక్క తమ్ముడు. మధ్యాహ్నం పోటు నీటికి ఓడ కదిలిందంటే, నడిసముద్రంలో మొదటి గాలికే స్తంభంతో పాటు వాడూ పోతాడు.

ఆ ముక్క చేత్తో పట్టుకుని పరుగున ఓడెక్కింది. “దిగరా ఒడ్డుకి!”

“ఏంటక్కా, నలుగురిలో!” అన్నాడు తమ్ముడు.

“మనవరాలి ఏడుపుకి నిద్రల్లేక వదినకి మతి చెడింది. అది పాత కుప్పలో ముక్క,” అన్నాడు మరిది.

“పాతదో కొత్తదో నీ నోట్లో కుక్కుతాను, నమిలి చెప్పు!”

ఓడ యజమాని నవ్వాడు. “నాగుపాముల్లా ఉన్నాయి కదమ్మా, ఇంకేం కావాలి?”

“చచ్చిన పామూ నల్లగానే ఉంటుందయ్యా.”

మోకులు బిగించడంలో ఒక పద్ధతుంది. ఒకటి తెగినా పక్కవి బరువు ఓర్చుకోవాలి. ఆమె గొడ్డలి అందుకుంది. “ఒక్కటి నరుకుతా. స్తంభం నిలబడితే నా చేతులు విరిచెయ్యండి. ముందు అందరూ దిగండి!”

మరిది ఆమె జుట్టు పట్టి ఈడ్చి, ఓడ అంచుకేసి మొహం కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురైంది. తమ్ముడు వచ్చి గొడ్డలి పట్టిన చెయ్యి మెలితిప్పాడు. చిన్నప్పుడు తాను ముద్దలు కలిపి పెట్టిన తమ్ముడే, అయినా ఆమె వాడి చెయ్యి కండ ఊడేలా కొరికింది. గొడ్డలి పిడితో పొట్టలో ఒక్క పోటు పొడిచింది. వాడు మెలికలు తిరిగి పడ్డాడు. ఓడలో పనిచేసే కళాసీలు వాణ్ణి ఒడ్డుకి మోసుకుపోయారు, యజమానీ వాళ్ళ వెంటే దిగాడు.

మళ్ళీ మీదికొస్తున్న మరిదిని తోసేసి, ఒడ్డువైపు మోకు మీద ఒకే వేటు వేసింది.

పిడుగు పడ్డట్టు తెగింది. వెంటనే పక్కది. దాని పక్కది. తెగిన కొస కొరడాలా లేచి మరిది చెంప చీల్చేసింది. స్తంభం మూలుగుతూ వంగి, ఫెళ్ళున విరిగి నీళ్ళలోకి కూలింది. తెరచాప ఎత్తే తాడొకటి మరిది కాలికి చుట్టుకుని వాణ్ణి అంచుదాకా ఈడ్చుకుపోయింది. అది పురుటికి వెళ్ళకముందు ఆమె స్వయంగా ఎండబెట్టి పేనిన తాడు. తెగి చావదే!

“వదినా! చచ్చిపోతున్నా వదినా!”

“ఇప్పుడు మతి కుదిరిందా నాకు?” అంటూనే ఆ తాడు మీద వేటు వేసింది. ఒక పేట తెగింది. మళ్ళీ వేసింది. వాడి చీలమండ దగ్గర ఎముక పటపటమంది. పొట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చిన తమ్ముడు మరిదిని చంకల కింద పట్టి వెనక్కి లాగాడు. మూడో వేటుకి తాడు బుసకొట్టుకుంటూ నీళ్ళలోకి జారిపోయింది. మరిది పాదం పక్కకి తిరిగి వేలాడుతోంది. వాడి అరుపులకి ఒడ్డున జనం చెవులు మూసుకున్నారు.

తమ్ముడు కింద పడున్న మోకు కొసనొకదాన్ని తీసి పిండాడు. గోధుమరంగు నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. తల ఎత్తి స్తంభం ఉండాల్సిన చోటుకేసి చూశాడు. పొట్ట పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

“అయినా, అంత గట్టిగా పొడవాలా అక్కా?”

“చెప్పగానే దిగుంటే పొడిచేదాన్నట్రా? లే, ఈ వెధవని చెరోపక్కా పట్టుకుందాం,” అని నెత్తురు ఉమ్మి, మరిది భుజం కింద చెయ్యి వేసింది.